తెరకు ఆవలి బడి
(పాఠశాల ప్లాటినం జూబిలీ సభలో చేసిన ఉపన్యాస పాఠం)



పాఠశాల పండుగనాడు మరొక పాఠశాలను స్మరించడం సముచితం. అది డబ్ల్యు.ఇ.బి. డు బోయిస్ 1903లో ప్రకటించిన ‘ది సోల్స్ ఆఫ్ బ్లాక్ ఫోక్’ వ్యాససంపుటిలో ఉన్నది. బానిసత్వం రద్దయిన పిదప కూడా అమెరికాలో నల్లజాతి ప్రజలకూ తక్కినవారికీ నడుమ నిలిచిన తెరను ఆ గ్రంథం పదునాలుగు అధ్యాయాలలో విచారించింది.

ఫిస్క్ విశ్వవిద్యాలయ విద్యార్థిగా డు బోయిస్ రెండు వేసవులు టెనెస్సీ పల్లెలో పాఠాలు చెప్పారు. ఒకప్పుడు మొక్కజొన్నలు దాచిన దుంగల కొట్టే ఆ బడి. ఉపాధ్యాయుని కుర్చీ అరువు తెచ్చినది; ప్రతి రాత్రీ తిరిగి ఇవ్వవలసిందే. ఉద్యోగమిచ్చిన అధికారి ఆయనను భోజనానికి పిలిచాడు. కాని తెల్లవారి బడికి వచ్చిన యువకునితో కలిసి తాను ముందు భుజించి, డు బోయిస్‌కు తరువాత ఒంటరిగా వడ్డింపజేశాడు. ఈ పంక్తిభేదాన్ని తెలుగువారికి వివరించనక్కరలేదు.

ఆ బడి సంగతి ఆయనకు చెప్పినది జోసీ అనే యువతి. చదువంటే ఆమెకు తీరని దాహం. పదేండ్లకు ఆయన తిరిగి వెళ్ళేసరికి దుంగల కొట్టు చోట కొత్త బడి వెలసింది. జోసీ మాత్రం కుటుంబభారం మోసి అలసి మరణించింది. కట్టడం మారితే అభివృద్ధి జరిగినట్లేనా అన్నదే ఆ వ్యాసంలోని ప్రశ్న.

జాతివివక్షా కులవివక్షా ఒకటి కావు. రంగు కంటికి కనబడుతుంది. కులాన్ని ఊరూ పేరూ అడిగి ఆరా తీస్తారు. అయినా ఆ రెండు వేదనల చుట్టరికాన్ని పెద్దలు గుర్తించారు. నల్లజాతివారు ఐక్యరాజ్యసమితికి సమర్పించిన విజ్ఞప్తి ప్రతులను కోరుతూ 1946లో అంబేద్కర్ డు బోయిస్‌కు లేఖ వ్రాశారు. అంతకు ముందే, 1941లో, ఉపాధ్యాయుడైన జాషువా ‘గబ్బిలం’లో అస్పృశ్యుని మొరను కాశీలోని శివునికి పంపారు. గుడిలోకి గబ్బిలానికున్న ప్రవేశం ఆ మనిషికి లేదు.

కట్టడపు పనులకు వలస వచ్చిన తెలుగు కుటుంబాలు బెంగళూరులో ఎన్నో ఉన్నాయి. వారి పిల్లలను బడిలో చేర్చుకోవడం తొలి మెట్టు మాత్రమే. మధ్యాహ్నం ఎవరి సరసన ఎవరు కూర్చుంటున్నారు? గది ఊడ్వమని ఎవరికి చెబుతున్నారు? వెనుక బల్ల ఎవరిదవుతున్నది? తెర ఉన్నదో తొలగినదో ఇక్కడే తెలుస్తుంది.

డెబ్బది అయిదేండ్ల లెక్కలో ఉత్తీర్ణులతో పాటు మధ్యలో బడి మానినవారి పేర్లూ ఉండాలి. చదువు ముగించలేకపోయిన జోసీ పేరును డు బోయిస్ తన గ్రంథంలో పదిలపరిచారు. ఉపాధ్యాయధర్మమంటే అది.