కళ్ళు, కల్లు, మన పిల్లల తెలుగు

(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)

ఉర్దూ మాస్టరు తెలుగులో ఉపన్యాసమివ్వటమేమిటని కొందరు నవ్వుకుంటున్నట్టున్నారు. నవ్వండి, ఫరవాలేదు. ఆ నవ్వు గురించే మనవి చేసుకోవాలని వచ్చాం.

మా బడికీ, తెలుగు మీడియానికీ ఒకటే ఆవరణ. ఒక పంతులుగారు సెలవు పెడితే పిల్లల్ని కలిపి కూర్చోబెడతారు. అలాంటి ఒకరోజు మా ఆరో తరగతి పిల్లవాడు లేచి, "సార్, కల్లు మండుతున్నాయి" అన్నాడు. పాపం, వాడు చెప్పింది కళ్ళ సంగతి. తరగతంతా గొల్లుమంది. వరండాలో నిలబడ్డ మేమూ నవ్వాం. ఆ తర్వాత వాడు తెలుగులో నోరు విప్పలేదు. పదో తరగతిలో మిగతావన్నీ గట్టెక్కి ఒక్క తెలుగులో తప్పాడు. ఆ నవ్వులో మా వాటా ఉందన్నది ఇప్పటికీ గుచ్చుతూనే ఉంది.

వాడి తప్పేమిటి? ఉర్దూలో 'ళ' లేదు, 'ణ' లేదు. ఎ-ఏ, ఒ-ఓ అని పొట్టి పొడుగు తేడా లేదు. అందుకే 'చెట్టు' 'చేట్టు' అవుతుంది. మన రాత కుడి నుంచి ఎడమకు నడుస్తుంది. జేరు, జబరు, పేషు మామూలుగా రాయం, చదివేవాడే పోల్చుకుంటాడు. ఆ అలవాటున పిల్లవాడు 'తలుపు'ని 'తలప' అని రాస్తే కొమ్ములు మరిచాడని తిడతాం. వాడు మరవలేదు, వాడి మొదటి బడిలో వాటితో పనిలేదు.

ఇక ఆడ, మగ. ఉర్దూలో కుర్చీ ఆడది, పత్థర్ మగది. తెలుగులో అమ్మ వచ్చింది, బస్సూ వచ్చింది. పిల్లలకు ఇది ఎంత వింతో! "మా నాన్న వచ్చింది" అంటారు. మన తెలుగు మిత్రులు మాత్రం "గాడీ ఆయా" అనరా? దానికెవరూ వాళ్ళని ఫెయిలు చెయ్యరు, అంతే తేడా.

అన్నిటికన్నా మమ్మల్ని ఏడిపించింది మేము, మనం. ఉర్దూలో రెంటికీ 'హమ్' ఒకటే. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక అదనపు గది కోసం అర్జీ పెట్టాలి, దాని మీద తెలుగు పంతులుగారి సంతకమూ కావాలి. "రేపు మేము జిల్లా ఆఫీసుకు పోతున్నాం, ఆరింటి బస్సు" అన్నాం. మా మనసులో ఆయనా ఉన్నారు. ఆయనకు మాత్రం 'మీరు అక్కర్లేదు' అని వినబడింది. రాలేదు. సంతకం లేక ఉత్త చేతుల్తో తిరిగొచ్చాం. వారం రోజులు ఆయన ముభావంగా ఉండి, చివరకు టీ తాగుతూ సంగతి తెలిసి, "మనం అనాలండీ మాస్టారూ" అన్నారు. అప్పట్నుంచీ ఆయనే మా తెలుగు గురువు.

కష్టాలే చెప్పి భయపెట్టకూడదు. క్రియ చివర రావటం రెండు భాషల్లోనూ ఒకటే. కాగితం, ఖర్చు, జవాబు, తారీఖు, రసీదు, ఫిర్యాదు మనవాడికి ముందే తెలుసు. 1550 నుంచి 1580 దాకా గోలకొండ నేలిన ఇబ్రహీం కుతుబ్ షాని తెలుగు కవులు మల్కిభరాముడన్నారు. పిఠాపురం ఉమర్ ఆలీషాగారు తెలుగు పద్యం రాసి పేరు తెచ్చుకున్నారు. తెలుగు మనకి పరాయిదేం కాదు.

తెలంగాణలో 2017లో ఉర్దూ రాష్ట్రమంతటా రెండో అధికార భాష అయింది. 2018 చట్టంతో పదో తరగతి దాకా అన్ని బడుల్లోనూ తెలుగు తప్పనిసరి అయింది. ఆర్డరు వచ్చినంత మాత్రాన పిల్లవాడికి 'ళ' పలకదు. ఇంట్లో తెలుగు వినబడాలి, తప్పు మాట్లాడినా పూర్తిగా మాట్లాడనివ్వాలి.

ఆదివారం పొద్దున సొసైటీ హాల్లో చాపలు వేస్తే చెప్పటానికి మేము సిద్ధం. మా పంతులుగారూ వస్తానన్నారు. తల్లులు కూడా వచ్చి కూర్చోవచ్చు. పలకలు మాత్రం సొసైటీవారు ఇప్పించాలి.