పాత ముత్యాల దండ: గుర్తింపు, విలువ
(యారాడ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

యారాడ సముద్రం ఎదురుగా ఉన్నా, మన ఇళ్ళలోని ముత్యాలు ఈ నీటివి కావు. అమ్మమ్మల నాటి దండ అయితే గల్ఫ్ నుంచి వచ్చిన బస్రా ముత్యాలు కావచ్చు. 1920ల నుంచి జపాన్ పెంపకపు ముత్యాలు రావడంతో 1930లలో ఆ వేట చితికిపోయింది. మనం ఉద్యోగాల్లో ఉండగా హైదరాబాదు పత్తర్‌గట్టీలో కొన్నవి చాలావరకు పెంపకపువే.

పంటికి రాస్తే గరుకుగా తగలాలంటారు. దానివల్ల గాజుపూస బయటపడుతుంది, అంతే. సహజమైనదీ, పెంచినదీ రెండూ గరుకే. సహజ ముత్యాలను తూకానికి అమ్మేవారు గనుక బెజ్జం బాగా సన్నంగా వేసేవారు. అదొక ఆనవాలు. రూఢిగా తేల్చేది మాత్రం రత్నపరీక్ష ల్యాబులో తీసే ఎక్స్‌రేయే.

ఇదంతా ఎందుకంటే, పాత నగ మార్చేటప్పుడు కొందరు వర్తకులు బంగారం మాత్రమే తూచి, ముత్యాలకు విలువ కట్టరు. బంగారం కంటే ఆ ముత్యాలే ఖరీదైనవి కావచ్చు! ఇద్దరు కూతుళ్ళున్నారని దండ తెంపి చెరిసగం చేయకండి. వరస కుదిరిన దండకున్న ధర విడి ముత్యాలకు రాదు. ముందు పరీక్ష చేయించి, కాగితం తీసుకోండి. అన్నట్టు, మిగతా నగలతో కలిపి చింతపండుతో తోమవద్దు. పులుపు తగిలితే ముత్యం మెరుపు పోతుంది.