గురక వెనుక జబ్బు, బీమా వెనుక కాగితాలు

(మహిళల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగం)



"హాయిగా గుర్రుపెట్టి నిద్రపోతున్నాడు" అంటూంటాం మనం. గురక వినిపించిందంటే నిద్ర బాగా పట్టిందని మన లెక్క. ఆడవాళ్ళ గురక సంగతైతే ఇంట్లో ఎవరూ ఎత్తనే ఎత్తరు. ఎత్తినా వేళాకోళానికే. పగలు కూరలు తరుగుతూ కునుకు తీస్తే "బద్ధకం" అని మాత్రం ఠక్కున అనేస్తారు.

ఈ రెంటికీ సంబంధం ఉండొచ్చు. స్లీప్ ఆప్నియా అనే జబ్బులో, నిద్రలో గొంతు కండరాలు వదులై గాలి దారి మూసుకుపోతుంది. పది సెకన్లో, అంతకంటే ఎక్కువో ఊపిరి ఆగుతుంది. రక్తంలో ప్రాణవాయువు తగ్గగానే మెదడు ఉలిక్కిపడి లేపుతుంది. గురక ఆగి, కాస్సేపు నిశ్శబ్దం, తర్వాత ఉక్కిరిబిక్కిరిగా పెద్ద శ్వాస. రాత్రంతా ఇదే వరస. పడుకున్న మనిషికి తెల్లారాక ఏమీ గుర్తుండదు. చెప్పాల్సింది పక్కనున్న వాళ్ళే. అంచేత మీ వారి గురక వినండి, మీ గురక సంగతి వారినడగండి.

ముట్లుడిగాక మనకీ ఈ జబ్బు ఎక్కువవుతుంది. ఆడవాళ్ళు గురక గురించి డాక్టరుకి చెప్పరు. పొద్దున్నే తలనొప్పి, నీరసం, నిద్ర పట్టట్లేదు అని చెప్తారు. దాంతో థైరాయిడ్, రక్తహీనత పరీక్షలతోనే కథ ఆగిపోతుంది. ఆ పరీక్షలూ అవసరమే, కాదనను. బి.పి. మందులకి లొంగకపోయినా ఈ జబ్బుని అనుమానించాలి. సన్నగా ఉన్నవాళ్ళకీ ఇది రావచ్చు గాని, మెడ చుట్టూ కొవ్వు పేరుకున్నవాళ్ళకి మరీ ఎక్కువ.

ఒక రాత్రి తల మీదా ఛాతీ మీదా తీగలు పెట్టి చేసే నిద్ర పరీక్షలో అసలు సంగతి తేలుతుంది. గంటకి ఎన్నిసార్లు ఊపిరి ఆగింది, ఎన్నిసార్లు బాగా తగ్గింది అని లెక్కకట్టి ఎ.హెచ్.ఐ. అని ఒక అంకె ఇస్తారు. 5 నుంచి 15 లోపు స్వల్పం, 30 లోపు మధ్యస్థం, 30 అంతకు మించితే తీవ్రం. వైద్యంలో ముందు వరసలో ఉన్నది సిపాప్ యంత్రం. 1981లో ఆస్ట్రేలియా డాక్టరు కాలిన్ సలివన్ లోకానికి చెప్పిన ఉపాయమది. ముక్కుకి తొడుగు పెట్టి, గాలి ఒత్తిడితో దారి తెరిచి ఉంచుతుంది.

ఒళ్ళు బాగా ఎక్కువై, పథ్యాలతో తగ్గకపోతే డాక్టర్లు బేరియాట్రిక్ సర్జరీ మాట ఎత్తుతారు. ఇది కొవ్వు పీల్చేసే ఆపరేషన్ కాదు సుమండీ. ఎక్కువగా చేసే స్లీవ్ పద్ధతిలో జీర్ణాశయాన్ని ముప్పాతిక వంతు దాకా తీసేస్తారు. లక్షల ఖర్చు. ఇక్కడే బీమా కంపెనీ గుమ్మం ఎక్కాలి.

మా వీధిలో ఒకావిడ ఎత్తు 155 సెంటీమీటర్లు, బరువు 88 కిలోలు. కిలోల్ని, మీటర్లలోని ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చేది బి.ఎమ్.ఐ. ఆవిడకి 36.6 వచ్చింది. కంపెనీ వారు "అందం కోసం చేయించుకునేది" అన్నట్టు ఒక ముక్క రాసి తిప్పి పంపేశారు. ఇంట్లోవాళ్ళు "సరే, ఇక వదిలెయ్" అన్నారు. ఆవిడ వదల్లేదు. పాలసీ పుస్తకం తీసి కూర్చుంది.

బీమా నియంత్రణ సంస్థ ఐ.ఆర్.డి.ఎ.ఐ. 2019లో మినహాయింపులన్నిటికీ ఒకే మాటలు ఖాయం చేసింది. ఊబకాయానిది 06 నంబరు. దాని సారం ఇది: డాక్టరు సలహా ఉండాలి, వైద్య నియమాల ప్రకారం జరగాలి, 18 ఏళ్ళు నిండాలి, బి.ఎమ్.ఐ. 40 గాని అంతకు మించి గాని ఉండాలి. 35 నుంచి 40 లోపైతే, తేలిక పద్ధతులు విఫలమై, గుండె కండరాల జబ్బో, గుండె రక్తనాళాల జబ్బో, అదుపు తప్పిన మధుమేహమో, తీవ్రమైన స్లీప్ ఆప్నియానో ఉండాలి. ఇవి కుదరని ఆపరేషన్‌కే మినహాయింపు వర్తిస్తుంది.

ఆవిడ మొదటి దరఖాస్తులో "గురక" అని మాత్రమే రాసి ఉంది. నిద్ర పరీక్ష జతచేయనే లేదు. చేయిస్తే ఎ.హెచ్.ఐ. 42! "తీవ్రం" అన్న ఒక్క మాట కాగితం మీద లేకపోవడం వల్లే అంత పనీ జరిగింది.

ఇంకొక చిక్కు ఉంది. "తేలిక పద్ధతులు విఫలం" అని రుజువెలా? మనం రాత్రి అన్నం మానేసి పుల్కాలు తింటాం, నెలల తరబడి నడుస్తాం. వాటికి రసీదులుంటాయా? అంచేత ఆహార నిపుణురాలి చీటీలు, డాక్టరు దగ్గర తూచిన బరువులు తేదీలతో సహా దాచుకోవాలి. చీర కొన్న బిల్లు దాచినంత శ్రద్ధగా దాచండి! ఆవిడ అవన్నీ వెతికి, సర్జను ఉత్తరంలో పై షరతుల్ని ఒక్కొక్కటిగా రాయించి మళ్ళీ పంపింది. ఈసారి అనుమతి వచ్చింది.

2022లో ఈ సర్జన్ల సంఘాలు ఆసియా వారికి 27.5 నుంచే ఆపరేషన్ సూచించవచ్చన్నాయి. డాక్టరు సరేనంటే కంపెనీ కూడా డబ్బిస్తుందని అనుకోకండి, ఆ లెక్క వేరు, ఈ లెక్క వేరు. పాలసీలో ఈ ఆపరేషన్‌కి విడిగా పరిమితి, నిరీక్షణ కాలం ఉన్నాయేమో కూడా చదవండి. పాత జబ్బులు దాచి పాలసీ తీసుకోవద్దు. 2024 నిబంధనల ప్రకారం, చెప్పిన పాత జబ్బుకి నిరీక్షణ మూడేళ్ళకి మించకూడదు. దాస్తే మొత్తానికే మోసం రావచ్చు.

కాదన్నారా, కారణం రాతపూర్వకంగా అడగండి. ముందు కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాయాలి. నెలలో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా, ఏడాది లోపల బీమా అంబుడ్స్‌మన్‌కి పెట్టుకోవచ్చు. రెండు తెలుగు రాష్ట్రాలకీ ఆ కార్యాలయం హైదరాబాదులోనే ఉంది. ఫీజు లేదు, ప్లీడరు అక్కర్లేదు.

ఆపరేషన్ కుదిరితే మత్తుమందు డాక్టరుకి ఆప్నియా సంగతి ముందే చెప్పి, సిపాప్ యంత్రాన్ని ఆస్పత్రికి పట్టుకెళ్ళండి. తర్వాత బి12, ఐరన్, కాల్షియం మాత్రలు జీవితాంతం వేసుకోవాలి. బరువు తగ్గింది కదా అని యంత్రాన్ని అటకెక్కించకూడదు. కొందరికి జబ్బు పూర్తిగా పోదు. మళ్ళీ నిద్ర పరీక్ష చేయించి, డాక్టరు సరేనన్నాకే మానాలి. మా వీధి ఆవిడకి ఆ రెండో పరీక్ష వచ్చే నెల్లో ఉంది.