మరతో బిగించే పాత లెన్సు, ఇవాళ్టి కెమెరా: ఎం42 కథ

ఇవాళ నా చేతిలో ఉన్నది హీలియోస్ 44-2. సోవియట్ యూనియన్‌లో తయారైన లెన్సు. 58 మిల్లీమీటర్లు, ఎఫ్ 2. ముందువైపు పేరు రష్యన్ అక్షరాల్లో ఉంటుంది. బ్యాటరీ లేదు, మోటార్ లేదు, చిప్ లేదు. వెనక్కి తిప్పి చూడండి, బంగారు రంగు కాంటాక్టులు ఒక్కటి కూడా కనపడవు. నీళ్ళ సీసా మెడకి ఉన్నట్టు మరలు మాత్రమే ఉంటాయి. దీన్ని ఇప్పుడు ఈ మిర్రర్‌లెస్ కెమెరాకి ఉన్న అడాప్టర్‌లో పెట్టి తిప్పుతున్నాను... ఇంకొంచెం... అయిపోయింది. స్క్రీన్ మీద బొమ్మ వచ్చేసింది.

ఇందులో మ్యాజిక్ ఏమీ లేదు. ఎం42 అనే ఈ మౌంట్ దాదాపు మూడు అంకెల్లో అయిపోతుంది. మరల వ్యాసం 42 మిల్లీమీటర్లు. ఒక చుట్టు తిప్పితే లెన్సు 1 మిల్లీమీటరు లోపలికి వెళ్తుంది, దాన్ని పిచ్ అంటారు. లెన్సు ఆనుకునే అంచు నుంచి ఫిల్మ్ వరకు 45.46 మిల్లీమీటర్లు, ఇది ఫ్లాంజ్ దూరం. ఈ మూడూ తెలిస్తే, లేత్ మిషన్ ఉన్న ఎవరైనా అడాప్టర్ చేసేయొచ్చు. ఏ కంపెనీ అనుమతీ అక్కర్లేదు, ఏ సాఫ్ట్‌వేర్ అప్‌డేటూ అక్కర్లేదు. నేను కోడ్ రాసిన నాలుగేళ్ళలో, రెండేళ్ళ కిందటి ప్రోగ్రాం కొత్త వెర్షన్ మీద నడవక ఆఫీసు మొత్తం తలలు పట్టుకున్న రోజులున్నాయి. అలాంటిది 1949లో వచ్చిన మర ఇవాళ్టి సెన్సర్ ముందు నిలబడుతోందంటే, నాకు లెన్సు కంటే ముందు ఆ డిజైన్ మీద గౌరవం కలుగుతుంది.

1949 అని ఎందుకన్నానంటే, తూర్పు జర్మనీలోని డ్రెస్డెన్‌లో కాంటాక్స్ ఎస్ అనే కెమెరా ఈ మౌంట్‌తో వచ్చింది ఆ ఏడాదే. ప్రాక్టికాలూ ఇదే మర పట్టుకున్నాయి. 1957లో జపాన్‌లో అసాహి కంపెనీ పెంటాక్స్‌కి ఇదే పెట్టింది. తర్వాత సోవియట్ జెనిత్‌లు కూడా ఇందులోకే వచ్చాయి. దేశాలు వేరు, రాజకీయాలు వేరు, మర ఒకటే. పెంటాక్స్ మాత్రం 1975లో దీన్ని వదిలేసి కె మౌంట్‌కి వెళ్ళిపోయింది. మర తిప్పి బిగించేసరికి పెళ్ళి ఊరేగింపు దాటిపోతుంది కదా, బయోనెట్ అయితే ఒక్క మలుపులో పడిపోతుంది. ఆ కారణం న్యాయమైనదే.

సరే, అసలు విషయం. "అన్నా, నా కెమెరాకి పడుతుందా?" అని అందరూ అడిగేది ఇదే. దీనికి జవాబు బ్రాండ్‌లో లేదు, తీసివేతలో ఉంది. సోనీ ఇ మౌంట్ ఫ్లాంజ్ దూరం 18 మిల్లీమీటర్లు. 45.46లోంచి 18 తీసేస్తే 27.46. అంటే 27.46 మిల్లీమీటర్ల పొడవున్న ఖాళీ గొట్టం పెడితే చాలు, లెన్సు తను పుట్టినప్పుడు ఎంత దూరంలో ఉందో అంతే దూరంలో ఉంటుంది. నికాన్ జెడ్ 16, ఫూజీ ఎక్స్ 17.7, కానన్ ఆర్‌ఎఫ్ 20. అన్నింటికీ గొట్టానికి చోటుంది. అందుకే మిర్రర్‌లెస్ వచ్చాక ఈ పాత లెన్సులకి మళ్ళీ గిరాకీ వచ్చింది.

డీఎస్ఎల్ఆర్ దగ్గర కథ మారుతుంది. కానన్ ఇఎఫ్ 44 మిల్లీమీటర్లు. తేడా 1.46, అంటే సన్నటి రింగు. పడుతుంది. కాకపోతే ఫుల్ ఫ్రేమ్ కానన్‌లో కొన్ని లెన్సుల వెనక భాగం అద్దానికి తగులుతుంది, అది ముందే చూసుకోండి. నికాన్ డీఎస్ఎల్ఆర్‌కి మాత్రం దూరం 46.5. అంటే మనకి కావలసిన దానికంటే 1.04 మిల్లీమీటర్లు ఎక్కువ. గొట్టాన్ని మైనస్‌లో చేయలేం కదా. మామూలు అడాప్టర్ పెడితే దగ్గర వస్తువులు ఫోకస్ అవుతాయి, దూరంగా ఉన్న కొండ కాదు. మధ్యలో గాజు ముక్క ఉన్న అడాప్టర్లు అమ్ముతారు, కొండ కూడా ఫోకస్ అవుతుంది, కానీ ఆ చౌక గాజు వల్ల లెన్సు అందమంతా పోతుంది. నికాన్ డీఎస్ఎల్ఆర్ ఉన్నవాళ్ళు ఎం42 జోలికి వెళ్ళొద్దని నా మాట. నికాన్ పాత మాన్యువల్ లెన్సులే బోలెడున్నాయి, వాటిలో మీ మోడల్‌కి సరిపోయేది చూసుకోండి.

ఇంకో చిక్కు. టీ2 అని టెలిస్కోపుల వాళ్ళు వాడే మౌంట్ ఉంది. అదీ 42 మిల్లీమీటర్లే, కానీ పిచ్ 0.75. రెండూ చూడటానికి కవల పిల్లల్లా ఉంటాయి. ఒక చుట్టు తిరిగి బిగుసుకుపోయిందంటే అక్కడితో ఆపేయండి, బలం వాడితే రెండు మరలూ పాడవుతాయి. అడాప్టర్ కొనేటప్పుడు లోపల అంచు ఉన్నది తీసుకోండి. చాలా ఎం42 లెన్సులకి వెనక చిన్న పిన్ను ఉంటుంది, అది నొక్కితేనే అపర్చర్ మూసుకుంటుంది. సూపర్ టకుమార్ లాంటి వాటికి ఏ, ఎమ్ అని పక్కన స్విచ్ ఉంటుంది, ఎమ్‌లో పెడితే పిన్ను గొడవ లేదు. స్విచ్ లేని లెన్సుకి మాత్రం అడాప్టర్ లోపలి అంచే దిక్కు, లేకపోతే ఎప్పుడూ పూర్తిగా తెరిచే ఉంటుంది. మన హీలియోస్ 44-2కి ఆ పిన్నే లేదు.

దీనికి ఉన్నది ప్రీసెట్ పద్ధతి. దగ్గరగా చూపిస్తాను చూడండి. రెండు రింగులు. మొదటిదాంట్లో ఎఫ్ 5.6 అని పెట్టుకుంటే, రెండోది ఎఫ్ 2 నుంచి 5.6 వరకు టకటక శబ్దం లేకుండా నున్నగా తిరుగుతుంది. తెరిచి ఫోకస్ చేసుకో, మూసి ఫోటో తీసుకో అన్నమాట. వీడియో తీసేవాళ్ళకి ఈ నున్నటి రింగు వరమే. షాట్ మధ్యలో వెలుగు మారినా మెత్తగా సర్దుకోవచ్చు.

కెమెరా సెట్టింగుల్లో మొదటిది, మెనూలో "రిలీజ్ వితౌట్ లెన్స్" ఆన్ చేయండి. మీ లెన్సు కెమెరా లెక్కలో లేదు, అది లేనట్టే. తర్వాత అపర్చర్ ప్రయారిటీ మోడ్. కెమెరాకి అపర్చర్ ఎంతో తెలీదు, కానీ లోపలికొచ్చే వెలుగు తెలుసు, షట్టర్ వేగం అదే చూసుకుంటుంది. ఇక చాలామంది వదిలేసేది ఇది: బాడీలో స్టెబిలైజేషన్ ఉంటే ఫోకల్ లెంగ్త్ మీరే 58 అని చేత్తో ఇవ్వాలి. పాత సెట్టింగ్ 135 దగ్గర ఉండిపోతే సెన్సర్ అవసరానికి మించి ఊగుతుంది, స్టెబిలైజేషనే ఫోటోని చెదరగొడుతుంది. ఆటో ఐఎస్ఓ వాడితే కనీస షట్టర్ 1/125 అని పెట్టేయండి.

ఫోకస్ సంగతి. మీటరు దూరంలో ఎఫ్ 2 దగ్గర, ఫుల్ ఫ్రేమ్‌లో, స్పష్టంగా వచ్చే మందం సుమారు మూడున్నర సెంటీమీటర్లు. కన్ను స్పష్టంగా ఉంటే చెవి ఉండదు. ఫోకస్ పీకింగ్ అని ఎర్రటి గీతలు వస్తాయి కదా, వాటిని పూర్తిగా నమ్మకండి, అవి నిజమైన మందం కంటే వెడల్పుగా చూపిస్తాయి. బొమ్మని పెద్దది చేసి, కనురెప్ప వెంట్రుకల మీద రింగు తిప్పండి. ఆ తర్వాత రింగు వదిలేసి, మీరే ఒక అంగుళం ముందుకీ వెనక్కీ ఒరుగుతూ తీయండి. రింగు తిప్పడం కంటే ఇది త్వరగా వస్తుంది.

మరి పెళ్ళికి తీసుకెళ్ళొచ్చా? జీలకర్ర బెల్లానికి వద్దు. తాళి కట్టేటప్పుడు అసలే వద్దు. ఫోకస్ తప్పింది, మూడు ముళ్ళూ మళ్ళీ వేయండి అని పెళ్ళికొడుకుని అడగలేం కదా. వాళ్ళ జీవితంలో ఒక్కసారి వచ్చే క్షణం మీద మన సరదా ప్రయోగం చేయకూడదు. అదే ముందురోజు పెళ్ళికూతుర్ని చేశాక, పెరట్లో ఒక పది నిమిషాలు దొరికితే ఇది బయటికి తీయండి. ఆ అమ్మాయిని చింతచెట్టుకో వేపచెట్టుకో కాస్త ముందుకి, మీకు రెండు మీటర్ల దూరంలో నిలబెట్టండి. వెనక ఆకుల సందుల్లోంచి వెలుగు రావాలి. ఎఫ్ 2. అప్పుడు ఆ ఆకులన్నీ ఆమె చుట్టూ సుడి తిరిగినట్టు వస్తాయి. హీలియోస్‌కి పేరు తెచ్చింది ఈ సుడే.

అది ఎందుకొస్తుందంటే, ఫ్రేమ్ అంచుల్లోంచి ఏటవాలుగా వచ్చే వెలుగుని లెన్సు గొట్టమే కొంత కోసేస్తుంది. మధ్యలో గుండ్రంగా ఉండే వెలుగు చుక్కలు అంచుల్లో బాదంపప్పు ఆకారంలోకి మారతాయి, అవన్నీ కేంద్రం చుట్టూ వరస కడతాయి. నిజానికి అది లోపం. జర్మనీలో జైస్ వాళ్ళ బయోటార్ 58 డిజైన్ నుంచి వచ్చింది హీలియోస్, లోపం కూడా వారసత్వమే. ఏపీఎస్-సీ కెమెరాలో అంచులు ఫ్రేమ్‌లోకే రావు కాబట్టి సుడి చాలా తగ్గుతుంది, 58 కాస్తా 87లా కనిపిస్తుంది. సుడి కోసమే కొంటున్నట్టయితే, మీది ఫుల్ ఫ్రేమా కాదా అని ముందు చూసుకోండి. వెనక ఖాళీ గోడ ఉంటే ఏ కెమెరాలోనూ సుడి రాదు.

కొనే ముందు ఒక టార్చ్ తీసుకెళ్ళండి. ఫోన్ లైటయినా చాలు. లెన్సు వెనక నుంచి వేసి ముందు నుంచి ఏటవాలుగా చూడండి. సాలెగూడు పోగుల్లా కనిపిస్తే ఫంగస్. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్ళలో, తోలు సంచీలో ఏళ్ళ తరబడి పడున్న లెన్సుల్లో ఇది మామూలే. లేతగా ఉంటే శుభ్రం చేయొచ్చు, కోటింగ్‌ని తినేస్తే ఆ మచ్చ పోదు. తర్వాత అపర్చర్ రేకుల మీద నూనె మెరుపుందా, ఫోకస్ రింగు మొదటి నుంచి చివరిదాకా ఒకే బిగువుతో తిరుగుతోందా చూడండి. గాజు మీద చిన్న గీత ఉంటే మాత్రం భయపడకండి, ఫోటోలో కనపడేది తక్కువ. అమ్మేవాళ్ళు "రేర్ పీస్ సార్" అంటారు. హీలియోస్ 44లు లక్షల్లో తయారయ్యాయి, రేర్ ఏమీ కాదు. ఇంటికి తెచ్చాక గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్‌తో పెట్టండి, తోలు సంచీ వేరే చోట పెట్టండి.

చివరగా పసుపు లెన్సుల గురించి. సూపర్ టకుమార్ 50, ఎఫ్ 1.4లో 1964లో వచ్చిన మొదటి రకం కాకుండా, తర్వాతి ఏడు గాజుల రకంలో థోరియం కలిసిన గాజు వాడారు. థోరియం రేడియోధార్మికమే. మామూలుగా ఫోటోలు తీసుకోవడానికి భయం అక్కర్లేదు, కానీ ఆ గాజుని అరగదీయడం, పగలగొట్టడం లాంటివి వద్దు. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ గాజు టీ డికాషన్ రంగులోకి మారుతుంది. అల్ట్రావయొలెట్ ఎల్‌ఈడీ దీపం కింద కొన్ని రోజులు పెడితే రంగు చాలావరకు విరుగుతుంది. ఎండలో పెట్టినా పనవుతుంది, కానీ మన మే నెల ఎండలో కాదు. లెన్సు కాగి, లోపలి గ్రీజు కరిగి రేకుల మీదికి పాకుతుంది. డిసెంబర్ ఎండ, పొద్దుటి పూట, కిటికీ దగ్గర, కింద అల్యూమినియం ఫాయిల్. ఎండని చూసే లెన్సు లోంచి మీరు చూడకండి, పక్కన కాగితాలు, కర్టెన్లు ఉంచకండి, అంటుకుంటాయి.

వచ్చే ఎపిసోడ్‌లో ఈ హీలియోస్‌ని విప్పి పాత గ్రీజు తీసి కొత్తది పెడదాం. వాచీ రిపేరు వాళ్ళ దగ్గర ఉండే చిన్న స్క్రూడ్రైవర్ల సెట్టు, ఒక పాత టూత్‌బ్రష్షు, స్క్రూలు దొర్లిపోకుండా ఒక తెల్ల గుడ్డ దగ్గర పెట్టుకోండి. ఉంటాను మరి.