చిత్రములకు నామకరణము



నేను ఉపాధ్యాయుడనైయున్న దినములలో మా బడియందు ఒక బీరువానిండ పుస్తకములుండెడివి. వానికి పట్టిక లేదు. ఏ పుస్తకమెచ్చటనున్నదో నాకు తెలియును. నేను సెలవుపెట్టిన దినమున మఱియెవ్వరికిని తెలియదు. నేను ఉద్యోగము విరమించిన పిదప ఆ పుస్తకములున్నను లేనివాని క్రిందనే జమయైనవి. నేడు నేను ముచ్చటింపబోవునదియు ఒక బీరువానుగూర్చియే. కాని యిది మిక్కిలి పెద్దది. ఇందు పదికోట్లకు మించిన చిత్రములు మొదలగునవి కలవు.

దీనిపేరు వికీమీడియా కామన్స్. 2004వ సంవత్సరమున దీనిని నెలకొల్పిరి. ఎవరైనను తాము తీసిన ఛాయాచిత్రమును ఇందు చేర్పవచ్చును. తీసినవారి పేరు చెప్పుట మొదలగు నియమములకు లోబడి ఎవరైనను ఉచితముగా వాడుకొనవచ్చును. మీ మనుమలు తెలుగు వికీపీడియాలో చదువు వ్యాసములందలి చిత్రములలో పెక్కు ఇచ్చటినుండి వచ్చినవే. చిత్రమును చేర్చుట సులభము. చేర్చినదానిని పిమ్మట వెదకి పట్టుటయే కష్టము.

యంత్రము బొమ్మను చూచి, ఇది గుడి, ఇది చెఱువు అని తానే గ్రహించి తెచ్చియిచ్చునని నేను తొలుత అనుకొంటిని. అట్లు కాదు. ఇచ్చటి వెదకుట ప్రధానముగా అక్షరములతోడిది. దస్త్రముపేరు, దానిక్రింది వివరణము, దానిని చేర్చిన వర్గములు, వీనియందు మనమడిగిన మాటయున్నచో బొమ్మ వచ్చును, లేనిచో రాదు. నేను శకటరేఫముతో ‘చెఱువు’ అని వ్రాసి వెదకగా కంటికి ఆనినదేమియు లేదు. నా మనుమడు సాధురేఫముతో వ్రాయగా వరుసగా వచ్చినవి. బాలవ్యాకరణము చదివినవానికి ఇది పరాభవమే!

అమరకోశము వల్లెవేసినవారికి ఈ చిక్కు క్రొత్తది కాదు. ఒక్క వస్తువునకు పెక్కు పేరులుండుట మొదటి చిక్కు. మన పాకాల చెఱువును ఇంగ్లీషులో పాఖాల్ లేక్ అని వ్రాయుదురు. ఒక పేరుతో వెదకినవానికి రెండవ పేరు మాత్రమేయున్న చిత్రము దొరకదు. ఒక్క పేరునకు పెక్కు వస్తువులుండుట రెండవ చిక్కు. దీనికొఱకే అమరసింహుడు మూడవకాండమున నానార్థవర్గమును కూర్చెను. ఘనపురమని వెదకితిమా, కోటగుళ్లుగల ఘనపురమొకటి, జనగామజిల్లాలోని స్టేషన్ ఘనపురమొకటి, వనపర్తివైపు కొండకోటగల ఖిల్లా ఘనపురమొకటి. మూడును ఒక్కచోటికి వచ్చి మూగును.

ఇవిగాక మూడవ చిక్కు మన ప్రభుత్వములు తెచ్చిపెట్టినది. పాలంపేటలోని రామప్పగుడిని 1213లో కాకతీయ సేనాని రేచర్ల రుద్రుడు కట్టించెను. అది 2016 అక్టోబరు వఱకు వరంగల్లుజిల్లాలో నుండెను. ఆపైన జయశంకర్ భూపాలపల్లిలోనికి, 2019 ఫిబ్రవరిలో ములుగుజిల్లాలోనికి వచ్చెను. గుడి కదలలేదు, జిల్లా కదలినది. పాత చిత్రముల వివరణములలో పాతజిల్లా పేరే నిలిచియుండును. 2021లో ఆ గుడి ప్రపంచవారసత్వ స్థలముగా గుర్తింపబడిన పిదప దాని బొమ్మలను వెదకువారు హెచ్చిరి గనుక, ఈ పేరులు సరిగానుండుట మఱింత యవసరమైనది.

ఇట్టివానిని దిద్దుటకు ఎవరి అనుమతియు అక్కఱలేదు. ఈ స్వేచ్ఛయే నన్ను చెఱచినది. ఆ కథ చెప్పెదను.

ముప్పది యేండ్లక్రిందట నేను పిల్లలను ఘనపురము కోటగుళ్లకు విహారమునకు తీసికొనిపోయితిని. ఒకనాడు రామప్పవర్గమున శిథిలమైన రాతికట్టడపు చిత్రములు పదునొకండు కనబడినవి. చూచినంతనే ఇవి కోటగుళ్లేయని నిశ్చయించితిని. చాల బొమ్మలను ఒక్కపెట్టున ఒక వర్గమునుండి మఱియొక వర్గమునకు మార్చు సాధనమొకటి అందు కలదు. దానితో పదునొకండింటిని నిమిషములో మార్చి, గొప్పపని చేసితినని కాఫీ త్రాగితిని.

మూడవనాడు చర్చాపుటలో నేనెఱుగని యొకరు మిక్కిలి మర్యాదగా ప్రశ్నించిరి: “అయ్యా, తాము ఏ యాధారముచే మార్చితిరి?” ఏమని చెప్పుదును? జ్ఞాపకమని చెప్పితిని. అప్పుడాయన ఒక సంగతి చూపెను. ఇప్పటి కెమెరాలు బొమ్మతోకూడ తీసిన దినమును, గడియను, ఒక్కొకప్పుడు అక్షాంశ రేఖాంశములనుగూడ వ్రాసికొనును. అవి చిత్రపుటకు అడుగున నుండును. వానిని నేను చదువనేలేదు. ఎనిమిది చిత్రములు పాలంపేటలోనే, రామప్ప ఆవరణయందలి కామేశ్వరాలయమునొద్ద తీసినవి. మిగిలిన మూడు మాత్రమే కోటగుళ్లవి. నలువదియేండ్లు పిల్లల లెక్కలు దిద్దినవాని లెక్కలో ఎనిమిది తప్పులు!

అదృష్టవశమున ఇచ్చట ప్రతి మార్పును, చేసినవాని పేరుతోను కాలముతోను, ‘చరిత్ర’ యను పుటలో నిలిచియుండును, పాతస్థితికి మరలింపవచ్చును. ఎనిమిదింటిని నా చేతితోనే మరలించితిని. నాటినుండి మార్పునకు ముందు అడుగునున్న వివరములు చదువుదును. సందేహమున్నచో చర్చాపుటలో అడిగి వారము కాచుకొందును. మార్చినపుడు దిద్దుబాటు సారాంశమున కారణము వ్రాయుదును.

వర్గములనుగూర్చి యొకమాట. బొమ్మను అన్నిటికంటె దగ్గఱి వర్గమున చేర్పవలెను. ‘రామప్పగుడి’యని చేర్చిన పిదప, ‘తెలంగాణ దేవాలయములు’ అని మరల చేర్పనక్కఱలేదు; కొడుకు పేరు చెప్పినంతనే వంశము తెలియును గదా. ఈ వర్గముల పేరులు ఇంగ్లీషులోనే యుండవలెనని అచ్చటి నియమము. ఇది నాకు నచ్చదు, అయినను పాటించుచున్నాను. 2019నుండి దీనికి కొంత విఱుగుడు వచ్చినది. ఏ భాషలోనైనను పొట్టివివరణము వ్రాయవచ్చును. చిత్రమున కనబడు వస్తువేదో చెప్పు గడియొకటి వేఱుగ నేర్పడినది. ఆ గడిలో రామప్పగుడిని ఎన్నుకొన్నచో, దాని తెలుగుపేరు, ఇంగ్లీషుపేరు, హిందీపేరు అన్నియు కూర్చియుంచిన యొక్క పద్దుతో ఆ బొమ్మకు ముడిపడును. అమరసింహుడు చూచియుండిన సంతోషించియుండును.

అయ్యా, ఇంకను పెక్కు చిత్రముల క్రింద ‘పాతగుడి, తెలంగాణ’ అని మాత్రమేయున్నది. కెమెరా స్థలము వ్రాయలేదు, తీసినవారు పలుకరు. ఏ యూరిగుడి, ఏ దేవుడు అనునది ఆ యూరి వృద్ధునికి తప్ప తెలియదు; ఆ వృద్ధుడు ఈ బొమ్మను చూడడు. అట్టిదొకటి నెలదినములుగా నన్ను వేధించుచున్నది. చెఱువుకట్టపై చిన్నగుడి, ముందు తలతెగిన నంది, ఎడమప్రక్క వేపచెట్టు, వెనుక జంటగుట్టలు. మా ప్రాంతమున నలుగురు పెద్దలకు చూపితిని. ఇద్దఱు ములుగువైపనిరి, ఒకరు నర్సంపేటవైపనిరి, ఒకరు చాలసేపు చూచి ఊరకుండిరి. మీలో నెవరికైన ఆ గుట్టలు గుర్తుండినచో, మీ మనుమనిచేత ఆ చర్చాపుటలో ఒక వాక్యము వ్రాయింపుడు. నా ప్రశ్న అచ్చట ఇంకను అట్లేయున్నది.