స్పిన్నర్‌బెయిట్ మీద ముడి జారిపోతోందా? సైకిల్ వాల్ ట్యూబ్ ముక్క చాలు

ఈరోజు ఎపిసోడ్ ఒక సారీతో మొదలుపెడతాను. స్పిన్నర్‌బెయిట్ మీద ఇంతకుముందు చేసిన వీడియోలో "స్నాప్ పెట్టుకోండి బ్రో, ల్యూర్ మార్చడం ఈజీ" అని చెప్పాను కదా. అందులో సగం తప్పు ఉంది. ఆ తప్పు నాకు ఎలా తెలిసిందో ముందు చెప్తాను, తర్వాత దాన్ని ఎలా సరిచేసుకోవాలో చూద్దాం.

సొసైటీ వాళ్ళని అడిగి ఒక చెరువుకి వెళ్ళాను. పొద్దున్నే ఆరు గంటలు, తూము పక్కన గుర్రపుడెక్క అంచు. నాలుగో కాస్ట్‌కి కొర్రమీను కొట్టింది. రాడ్ వంగింది, రెండు సెకన్లు బరువు తెలిసింది, తర్వాత ఖాళీ. చుట్టి చూస్తే లైన్ చివర స్నాప్ నోరు తెరుచుకుని ఉంది. ల్యూర్ లేదు.

చేప పోయిందని నేను బాధపడుతుంటే, కట్ట మీద వల సర్దుకుంటున్న పెద్దాయన ఒకే మాట అన్నాడు. "చాప పోతె పోయింది బిడ్డా. రేపు ఆ గాలం బర్రె కాలుకు గుచ్చుకుంటె ఎవలు చూస్తరు?" నా దగ్గర జవాబు లేదు. అదే ఒడ్డున బర్రెలు దిగుతాయి, ఎండాకాలం పిల్లలు ఈదుతారు. అప్పటిదాకా నాకు ల్యూర్ పోవడం అంటే డబ్బు పోవడమే. ఆరోజు నుంచి అలా అనిపించట్లేదు.

సరే, అసలు ఏం జరిగింది? కొత్తవాళ్ళ కోసం చెప్తున్నా. స్పిన్నర్‌బెయిట్ అంటే పక్కకి తిప్పిన 'వి' ఆకారంలో వంచిన స్టీలు తీగ. కింది కొమ్మకి సీసం తల, గాలం, రబ్బరు స్కర్ట్ ఉంటాయి. పై కొమ్మకి గిరగిరా తిరిగే బ్లేడు. రెండు కొమ్మలూ కలిసే మూల దగ్గర మనం లైన్ కడతాం. ఈ మూల రెండు రకాలు.

ఒకటి, తీగని ఒక చుట్టు చుట్టి కన్నం చేసినది. దీన్ని క్లోజ్డ్ లూప్ అంటారు. రెండోది, కన్నమే ఉండదు, తీగని ఇంగ్లీష్ ఆర్ అక్షరంలా వంచి వదిలేస్తారు. దీన్ని ఆర్ బెండ్ అంటారు. బ్లేడు అదురు బాగా రావాలని చాలామంది ఈ ఓపెన్ రకాన్నే ఇష్టపడతారు. నాది కూడా అదే.

ఇంటికొచ్చాక ఇంకో ఆర్ బెండ్ ల్యూర్ తీసి, స్నాప్ తగిలించి బాల్కనీలో ఊపి చూశాను. లైన్ బిగువుగా ఉన్నంతసేపు స్నాప్ మూలలోనే కూర్చుంది. లైన్ కాస్త వదులైతే చాలు, పై కొమ్మ మీదకి జారిపోయింది. కాస్ట్ చేసినప్పుడు గాల్లో ల్యూర్ పల్టీ కొడుతుంది, లైన్ వదులవుతుంది, జరిగేది ఇదే. అప్పుడు మనం లాగేది మూలని కాదు, బ్లేడు కొమ్మని. గాలం సరిగ్గా దిగదు, తీగ వంగుతుంది, స్నాప్ మీద అడ్డంగా ఒత్తిడి పడి తెరుచుకుంటుంది. చేప తప్పు లేదు, స్నాప్ తప్పూ లేదు. ఆ జోడీయే తప్పు.

కాబట్టి రూల్ నంబర్ వన్: ఆర్ బెండ్‌కి స్నాప్ వద్దు. లూప్ ముడి కూడా వద్దు, అదీ స్నాప్ లాగే జారుతుంది. బిగుసుకునే ముడి డైరెక్ట్‌గా తీగ మీదే కట్టండి. నేను ఇంప్రూవ్డ్ క్లించ్ వాడుతున్నా, ఐదారు చుట్లు. బిగించే ముందు తడి చేయండి. పొడిగా లాగితే రాపిడి వేడికి తంగూసు బలం పోతుంది. మిగిలిన కొసని రెండు మూడు మిల్లీమీటర్లు వదిలి కట్ చేయండి.

రూల్ నంబర్ టూ: బ్రెయిడ్‌ని నేరుగా తీగకి కట్టకండి. బ్రెయిడ్ సన్నగా, నున్నగా ఉంటుంది, స్టీలు మీద పట్టు తక్కువ. ముందు ఒక రెండడుగుల మోనో లీడర్ కలపండి, అర మిల్లీమీటర్ మందం ఉంటే మంచిది. కొర్రమీను పళ్ళకి కూడా అది కాస్త తట్టుకుంటుంది.

ఇప్పుడు అసలు చిట్కా. ముడి ఎంత బిగించినా కొంచెం జరిగే అవకాశం ఉంటుంది. దానికి తాళం కావాలి. సైకిల్ షాపులో వాల్ ట్యూబ్ అడగండి, గాలి కొట్టే వాల్వ్‌కి తొడిగే సన్న రబ్బరు గొట్టం. అందులో ఐదారు మిల్లీమీటర్ల ముక్క కోయండి. ముడి కట్టకముందే దాన్ని లీడర్‌లోకి ఎక్కించండి. ఇది మర్చిపోతే ముడి మళ్ళీ కట్టాల్సిందే, నేను రెండుసార్లు మర్చిపోయాను. ముడి అయ్యాక ముక్కని కిందకి తోసి, ముడి మీదుగా తీగ వంపు ముక్కు మీద తొడగండి. రబ్బరు సాగి గట్టిగా పట్టుకుంటుంది. ఇక ముడి ఏ కొమ్మ మీదకీ వెళ్ళలేదు. ఎండకి రబ్బరు పగులుతుంది కాబట్టి పగుళ్ళు కనిపించగానే మార్చేయండి.

మరి క్లోజ్డ్ లూప్ అయితే? దానికి నేను చెప్పిన స్నాప్ పర్లేదు. కానీ చుట్టు పక్కపక్కన ఆనే చోట సందు ఉందేమో వెలుతురులో చూడండి. సన్న లైన్ ఆ సందులో దూరి నలుగుతుంది. ప్లయర్‌తో మెల్లగా నొక్కి మూయండి.

చివరగా, ప్రతి చేప తర్వాత ఆఖరి జానెడు లీడర్ మీద గోరు పెట్టి లాగి చూడండి. గరుకు తగిలితే కోసి మళ్ళీ కట్టండి. తీగ వంగితే సరిచేయొచ్చు, కానీ అదే చోట పదే పదే వంచితే ఒకరోజు పుటుక్కుమంటుంది. అలాంటి ల్యూర్‌ని ఇంటి దగ్గరే వదిలేయండి.

పోయిన ఆ ల్యూర్ కోసం తర్వాత రెండు ఆదివారాలు వెళ్ళి గుర్రపుడెక్క లాగి మరీ వెతికాను. దొరకలేదు. ఎక్కడ పోయిందో పెద్దాయనకి చూపించాను, నీళ్ళు తగ్గాక మళ్ళీ వస్తానని చెప్పాను. వెళ్తాను. మీ గాలం ఎప్పుడైనా తెగిపోతే మీరు కూడా ఆ చెరువు వాళ్ళకి చెప్పండి, సిగ్గుపడాల్సిన పని లేదు.

పాత వీడియో కింద ఈ సవరణ రాసి పెట్టాను. అది చూసి స్నాప్ కొన్నవాళ్ళు, ఈసారి చెరువుకి వెళ్ళేముందు మీ ల్యూర్ మూల ఒక్కసారి చూసుకోండి. మళ్ళీ కలుద్దాం ఫ్రెండ్స్, ఉంటాను.