టచింగ్ లేని ముఖం



కర్నూలు, కడప వైపు పెళ్లిచూపుల ఫోటో అంటే ‘టచింగ్’ ఉండాల్సిందే. ఒకప్పుడు నెగటివ్‌పై పెన్సిల్‌తో చేసేవారు, ఇప్పుడు కంప్యూటర్‌లో. ఆ తెల్లని ఫోటో చూసి వచ్చినవాళ్లు, పిల్ల నలుపని కట్నం పెంచమంటారు. 1975లో వచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీ 2020లో పేరు మార్చుకుంది, బేరం మారలేదు.

చెనక్కాయ చేలల్లో ఎండకు కమిలిన అసలు ముఖం ఉపాధి హామీ జాబ్ కార్డు మీద మిగులుతుంది. దాన్ని చూపడానికి సిగ్గుపడతారు.

సంఘాల్లో ఒకరినొకరు ఉన్నదున్నట్టు ఫోటో తీసుకోమనండి. “ఎంత నల్లగా ఉండానో” అంటారు. వెంటనే ఓదార్చకండి. ఆ మాట మొదట ఎవరన్నారో అడగండి. అమ్మ, అత్త, పెళ్లిచూపులకొచ్చినోళ్లు... ఒక్కొక్కరే బయటికొస్తారు. మన ఉపన్యాసాల కన్నా (నాదీ అదేననుకోండి) ఆ ముచ్చట మేలు.

ఫోటోలు ఎవరివి వాళ్లకే ఇవ్వండి. అడగకుండా మన వార్షిక నివేదిక అట్టమీద వేయకండి.